తాళం బోరుకు సాక

మాది అలంపూర్ పక్క ఊరు. తుంగభద్ర నీళ్ళు తాగి పెరిగాను. నా పళ్ళు తెల్లగా ఉంటాయన్న సంగతి పెళ్ళయ్యే దాకా నాకు తెలియదు. మా వైపు అందరి పళ్ళూ అలాగే ఉండేవి కాబట్టి అదొక విశేషమని ఎవరూ చెప్పలేదు. పాన్‌గల్ వైపు మెట్ట ఊళ్ళో అత్తగారింటికి కాపురానికి వచ్చిన రోజు, కొత్తకోడలిని చూడవచ్చిన ఆడవాళ్ళు నా మెడవైపు చూడలేదు, చీరవైపు చూడలేదు. నోటివైపు చూశారు.

"జర నవ్వు పిల్లా" అన్నది ఒక పెద్దామె.

నవ్వాను. "అబ్బ, ఏం పండ్లే! ఏటి నీళ్ళు తాగిన పండ్లు గిట్లుంటయి" అని ఆమె మిగతావాళ్ళకు చూపించింది, సంతలో కోడెదూడ నోరు తెరిచి చూపించినట్టు. నేను మురిసిపోయాను. వాళ్ళూ నవ్వారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఎంత సిగ్గరులో అనుకున్నాను. అది సిగ్గు కాదని నాలుగు రోజులు కాపురం చేశాక తెలిసింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళందరి పళ్ళ మీదా ఇటుకరంగు చారలుండేవి. నీళ్ళలో ఫ్లోరైడ్. మా పెళ్ళి ఫొటోలో నా భర్త పెదవులు బిగించి నిలబడ్డాడు. "అల్లుడికి ఏం కోపమొచ్చింది?" అని మా అమ్మ చాలా రోజులు బాధపడింది. కోపం కాదమ్మా, జాగ్రత్త అని నేను చెప్పలేకపోయాను.

మా అత్తమ్మకు అది పళ్ళతో ఆగలేదు, మోకాళ్ళలోకి దిగింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అందుకని రోజంతా నిలబడే ఉండేది, నిలబడి ఇంటిల్లిపాదినీ ఆడించేది. నాకు బిడ్డ పుట్టినప్పుడు, పురిటి మంచం పక్కన నిలబడి పసిపిల్ల నోట్లో వేలు పెట్టి చిగుళ్ళు తడిమింది. "దీనికి నీ పండ్లు రావాలె" అన్నది నాతో. ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆ పండ్లు రావాలంటే మంచినీళ్ళు కావాలి. నా బిడ్డ అదృష్టం, అది పుట్టిన ఏడే మా ఊరికి ట్యాంకరు మొదలైంది. చేతిపంపు నీళ్ళు తాగరానివని పైవాళ్ళు ఎన్నో ఏళ్ళకు ఒప్పుకుని, ఏటి నీళ్ళు పంపడం మొదలుపెట్టారు. ట్యాంకరు వచ్చిన రోజు ఊళ్ళో పెళ్ళి జరిగినట్టు ఉండేది, పెళ్ళిలో జరిగే తగాదాలతో సహా. బిందెలు మోగేవి, జడలు చేతికొచ్చేవి. మా అత్తమ్మ మోకాళ్ళు వంగకపోవడం అక్కడ పనికొచ్చేది. ఎవరు నెట్టినా కదిలేది కాదు. మేం తెచ్చుకున్న నీళ్ళలో ఒక బిందె పక్కకు తీసి మూత పెట్టేవాళ్ళం. అది బిడ్డ బిందె. ఇంట్లో మగవాళ్ళు కూడా దాన్ని ముట్టుకునేవాళ్ళు కాదు.

ఇంతలో కరువొచ్చింది. కరువు వెనకాలే వాటర్‌షెడ్ పథకం వచ్చింది. గుట్ట వాలులో రాళ్ళ కట్టలు, వాగులో ఒక చెక్‌డ్యాం, రెండు ఊటకుంటలు తవ్వారు. వాన పడితే నీరు ఆగుతుంది, ఆగితే ఇంకుతుంది, ఇంకితే బోర్లు నిండుతాయి, ఫ్లోరైడ్ పలచబడుతుంది అన్నారు. అన్నీ నిజమే. వాన పడటమొక్కటే వాళ్ళ చేతిలో లేదు. ఊరికొక కమిటీ వేయాలి, కమిటీలో చదువుకున్న ఆడమనిషి ఉండాలి అన్నారు. పదో తరగతి పాసైన కోడళ్ళలో ఊళ్ళో మిగిలింది నేనే కాబట్టి నన్ను కార్యదర్శిని చేశారు.

బడిలో ఒకరోజు తెర కట్టి, ఆకాశంలో తిరిగే ఉపగ్రహం తీసిన మా ఊరి పటం చూపించారు. అందరూ తమ ఇల్లెక్కడుందో వెతికారు. ఇళ్ళు కనపడవు, రంగు చూడండి అన్నారు. నీళ్ళు అడుగంటిన ఊళ్ళు ఎరుపు, నీళ్ళు బాగున్న ఊళ్ళు నీలం. మేం చిక్కటి ఎరుపులో ఉన్నాం. ఎరుపు ఊళ్ళకే ట్యాంకరు అని పక్కనున్న సారు అనగానే జనం చప్పట్లు కొట్టారు. ప్రమాదంలో ఉన్నందుకు అంత సంతోషించిన ఊరిని ఆ సార్లు ఎక్కడా చూసి ఉండరు.

తరువాత బోరు బండి వచ్చింది. ఊరి బయట రాతి పరుపు మీద నిలబెట్టి తవ్వారు. ఆడవాళ్ళందరం కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు పట్టుకుని పోయాం. దుమ్ము లేచి, బురద లేచి, చివరికి సన్నగా నీళ్ళు కూడా లేచాయి. చేతిపంపు ఎప్పుడు బిగిస్తారని అడిగాం. బిగించరట. పైపు దించి, దాని మీద ఇనుపమూత పెట్టి, మూతకు తాళం వేశారు.

"ఇది తోడుకునే బోరు కాదమ్మా, చూసే బోరు. భూమిలో నీళ్ళెంత ఉన్నాయో నెలనెలా చూస్తాం" అన్నాడు పథకం తరఫున వచ్చిన కుర్ర ఇంజనీరు. హైదరాబాదు నుంచి వచ్చాడు. మేం ఆయన్ని నీళ్ళ సారు అనేవాళ్ళం.

"చూసి?" అన్నది మా అత్తమ్మ.

"రాసుకుంటాం."

"మా ఇంట్లకొచ్చి, కుండల కూడెంతున్నదో మూత తీసి చూసి, రాసుకోని, మల్ల మూతపెట్టి పోతరా? గదేం పని సారూ?"

నీళ్ళ సారు మంచివాడు. నవ్వి, తాళంచెవి తెచ్చి కార్యదర్శినైన నా చేతిలో పెట్టాడు. మా ఇంట్లో అద్దం పక్కన మేకుకు తగిలించాను. ఆ బోరుకు తాళం బోరని పేరు పడింది.

నెలకొకసారి ఆయన మోటారు సైకిల్ మీద వచ్చేవాడు. ఆయన దగ్గర ఒక చక్రానికి చుట్టిన పొడవాటి టేపు ఉండేది. దాని కొస నీళ్ళకు తగలగానే పైన చక్రం కుయ్యిమని అరిచేది. ఎంత లోతులో అరిస్తే నీళ్ళు అంత లోతులో ఉన్నట్టు. తరువాత సన్నటి గొట్టమొకటి దారంతో దించి, పైపులో నీళ్ళు కాసిన్ని పైకి తీసి, సీసాలో పోసి మందు చుక్కలు వేసేవాడు. గులాబిరంగు అలాగే నిలిస్తే మంచినీళ్ళు, పచ్చగా మారితే ఫ్లోరైడ్. మొదటిరోజు చేతిపంపు నీళ్ళు పరీక్షించాడు. చూస్తుండగానే పచ్చబడ్డాయి. ట్యాంకరు నీళ్ళు పరీక్షించమని బిడ్డ బిందెలోంచి నేనే చెంబుతో తెచ్చిచ్చాను. గులాబిరంగు నిలిచింది.

"పాపకు ఇవే తాగించండక్కా" అన్నాడు. "పాలపళ్ళు ఊడి వచ్చే పళ్ళున్నాయి చూడండి, అవి ఇప్పుడే చిగురు లోపల తయారవుతుంటాయి. పైకి వచ్చాక ఏం చేసినా లాభం లేదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా కాపాడుకోండి, తరువాత భయం లేదు."

అప్పటికి బిడ్డకు రెండేళ్ళు దాటలేదు. ఆ రోజు నుంచి నాకు ఊళ్ళో ఇంకే గొడవా పట్టలేదు. చెక్‌డ్యాం నిండినా నిండకపోయినా ట్యాంకరు ఆగకపోతే చాలనుకున్నాను.

ఇక సాక సంగతి. మా అత్తగారి ఊళ్ళో గంగమ్మ నోరు తెరిచిన చోట సాక పోయకుండా ఉండరు. కొత్త బోరుకైనా, పూడిక తీసిన బావికైనా ఇంటికొక చెంబు చొప్పున అమ్మవారికి నీళ్ళు పోస్తారు. పోయకపోతే తల్లి అలుగుతుంది. మామూలు బోరుకు ఒకసారి పోస్తే సరిపోతుంది, ఎందుకంటే దాని నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఈ తాళం బోరు నెలనెలా నోరు తెరుస్తోంది, మూస్తోంది. మా అత్తమ్మ లెక్క ప్రకారం తెరిచినప్పుడల్లా సాక పోయాల్సిందే.

రెండో నెల నీళ్ళ సారు మూత తీసేసరికి పసుపు, బెల్లం, వేపాకు కలిపిన చెంబులతో ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఆయన బెంబేలెత్తిపోయాడు.

"పసుపు పోయొద్దమ్మా, పరీక్ష చెడిపోతుంది. బెల్లం అసలే వద్దు."

"మరి సాక ఎట్ల పోస్తరు సారూ? తల్లిని ఒట్టి నోటితోటి పంపిస్తరా?" అన్నది అత్తమ్మ.

చాలాసేపు బేరం జరిగింది. చివరికి ఒప్పందం కుదిరింది. పసుపు కుంకుమలు పైపుకు బయటే రాయాలి. లోపల ఉత్త మంచినీళ్ళు మాత్రం పోయవచ్చు. "భూగర్భ జలానికి నాలుగు చెంబులు ఒక లెక్కా" అని ఆయనే మాకు ధైర్యం చెప్పాడు. మంచినీళ్ళంటే మా ఊళ్ళో ట్యాంకరు నీళ్ళే. మనుషులు ఉమ్మేసే చేతిపంపు నీళ్ళు అమ్మవారికి పోసే పాపిష్టివాళ్ళు మా ఊళ్ళో లేరు. తాగడానికి తక్కువైనా సరే, జడలు పట్టుకుని సాధించిన నీళ్ళు ఇంటికొక చెంబు తెచ్చి పైపులో పోసేవాళ్ళం. కోడలిని కాబట్టి నేనూ పోశాను. ఆయన ఆ వరసంతా అయ్యేదాకా ఓపికగా నిలబడి, ఫొటో తీసుకుని, అప్పుడు టేపు దించేవాడు. ఆ ఫొటో వాళ్ళ ఆఫీసు గోడకెక్కిందట. ప్రజల భాగస్వామ్యం అని దాని కింద రాశారట.

టేపు త్వరగా అరవడం మొదలుపెట్టింది. వాన చుక్క లేదు, చుట్టూ బోర్లు ఎండి రైతులు నెత్తిన చేతులు పెట్టుకున్నారు, తాళం బోరులో మాత్రం నీళ్ళు నెలనెలా పైకి వస్తున్నాయి. సీసాలో గులాబిరంగు నిలుస్తోంది. నీళ్ళ సారు మొదట నమ్మలేదు, రెండోసారి సంతోషించాడు, మూడోసారి వాళ్ళ పెద్దసారును వెంటబెట్టుకొచ్చాడు. రాళ్ళకట్టలు పనిచేస్తున్నాయన్నారు. కంప్యూటరులో గీత పైకి లేచింది. పెద్దసారు ఆ గీతను కాగితం మీద తీసి తెచ్చి మాకు చూపించి, వేలిని దాని వెంట కింద నుంచి పైదాకా జరిపాడు. మళ్ళీ కిందికి తెచ్చి ఇంకోసారి జరిపాడు. పాపం, ఆయన ఉద్యోగంలో పైకి లేచిన గీత అదే మొదటిదేమో.

మా ఊరు చూడటానికి వేరే ఊళ్ళ వాళ్ళను బస్సుల్లో తేవడం మొదలుపెట్టారు. గట్టు మండలం వైపు నుంచి ఒకసారి రైతులొచ్చారు. ఎండిన చెక్‌డ్యాం చూశారు, పగిలిన కుంట చూశారు. తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన నా దగ్గరకొచ్చి, "నీళ్ళు పెరిగినయంటిరి గదమ్మా, యాడున్నయి?" అని మెల్లగా అడిగాడు. తాళం బోరు చూపించాను. మూత తీశాం. అతిథులు కూడా వచ్చారు కదా అని ఆ రోజు సాక ఇంకాస్త ఘనంగా జరిగింది. ఆయన పైపులోకి ఒంటికన్నుతో చూసి, "ఉన్నయి, ఉన్నయి" అని తల ఊపి, తాగడానికి గ్లాసెడు నీళ్ళడిగాడు. మా ఇంటికి తీసుకుపోయి ట్యాంకరు నీళ్ళిచ్చాను.

తరువాత వనపర్తిలో పెద్ద మీటింగు పెట్టారు. కమిటీ వాళ్ళందరం పోయాం. గోడ మీద మళ్ళీ అదే పటం. ఎర్రటి ఊళ్ళ మధ్య ఒక్క ఊరు నీలంగా మెరుస్తోంది. మాదే. అందరూ మావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నా మెడలో పూలదండ వేశారు. బంతిపూల దండ, బరువుగా ఉండింది. ఆ దండతోనే బస్సెక్కి ఊరికొచ్చాను. ఆ వారం ట్యాంకరు రాలేదు. పై వారమూ రాలేదు.

మండలాఫీసుకు పోయి అడిగితే, అక్కడి గుమాస్తా ఎంతో మర్యాదగా చెప్పాడు. "మీది నీలం ఊరమ్మా. ఎర్ర ఊళ్ళకే సరిపోతలేదు, నీలం ఊళ్ళకెట్ల పంపుతం? మీ బోర్ల నీళ్ళు మంచిగైనయని పరీక్షల్ల వచ్చింది గద, అవే తాగుండ్రి." ఇంటికొచ్చి బిడ్డ బిందె మూత తీసి చూశాను. అడుగున కొంచెం మిగిలింది.

ఆ నెల నీళ్ళ సారు వచ్చినప్పుడు సాకకు ఎవరూ రాలేదు. పోయడానికి మంచినీళ్ళు లేవు, చెడ్డనీళ్ళు పోయలేరు. మా అత్తమ్మ మాత్రం వచ్చి పైపుకు దండం పెట్టి తప్పు కాయమని వేడుకుంది. సారు టేపు దించాడు. దిగుతోంది, దిగుతోంది, అరవదు. యంత్రం చెడిపోయిందనుకుని పైకి లాగి, కొసను చెంబులో ముంచాడు. చెంబులో కుయ్యిమన్నది. మళ్ళీ దించాడు. ఎక్కడో పాతాళంలో సన్నగా అరిచింది. గొట్టంతో నీళ్ళు తీసి చుక్కలు వేస్తే సీసా పచ్చగా అయింది. ఆయన సీసా వైపు చూశాడు, ఖాళీ చెంబు వైపు చూశాడు, మా అత్తమ్మ వైపు చూశాడు. అక్కడే రాయి మీద కూలబడ్డాడు.

"పైపు సన్నమక్కా" అన్నాడు. "చుట్టూ గట్టి రాయి. ఊరంతా తలా ఒక చెంబు పోస్తే నీళ్ళు వెంటనే ఇంకక పైపులోనే చాలా ఎత్తుకు లేచి నిలబడతాయి. నేను కొలిచింది వాటిని. పరీక్షకు తీసిందీ వాటినే. భూమిలో నీళ్ళు పెరగలేదు. మీ ట్యాంకరు నీళ్ళు మీరే పోశారు, నేను వాటిని పరీక్షించి బాగున్నాయని రాశాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆయన్ని కొట్టాలనిపించింది. ఆయన మొహం చూస్తే కొట్టబుద్ధి కాలేదు.

ఉన్నదున్నట్టు పైకి రాస్తానని మాటిచ్చి, రాశాడు కూడా. కంప్యూటరు ఒప్పుకోలేదు. ఒక్క నెలలో అంత లోతుకు పడిపోవడం జరగని పని కాబట్టి ఆ నెల కొలత తప్పని పక్కన పెట్టి, అంతకు ముందు నెలల సగటు తీసి ఆ ఖాళీలో నింపారు. గీత చెక్కుచెదరలేదు. ఈలోగా నీళ్ళ సారును నల్లమల అంచున, నాగర్‌కర్నూల్ అవతల వేరే పనికి పంపారు. పోయేముందు వచ్చి, "మళ్ళీ తనిఖీ చేయమని అర్జీ పెట్టండక్కా, ఆ రోజు ఒక్క చుక్క కూడా పైపులో పడనీయకండి" అని చెప్పి పోయాడు.

అర్జీల మీద అర్జీలు పెట్టాను. ఈలోగా బిడ్డకు నీళ్ళెలా? గుట్ట కింద ఒక పాత మోటబావి ఉంది. అందులో ఊట నీళ్ళు తియ్యగా ఉండేవి, ఫ్లోరైడ్ లేదని నీళ్ళ సారు చూసి చెప్పాడు కూడా, కానీ ఎండలకు అడుగున చెంబుడు చెంబుడు ఊరేవి. నేను కూలికి పోయినప్పుడు అత్తమ్మే ఆ వంగని కాళ్ళతో గుట్టదాకా పోయి, బావి గట్టున నిలబడి, తాడేసి, చెంబు చెంబే చేదుకుని బిందె నింపుకొచ్చేది. వద్దంటే వినేది కాదు. "నాకు పండ్లెట్లనో రాలే, దీనికన్న రావాలె గద" అనేది.

ఎట్టకేలకు తనిఖీకి వస్తున్నామని కబురొచ్చింది. ముందు రోజు ఇల్లిల్లూ తిరిగాను. రేపు సాక వద్దు, పోస్తే ట్యాంకరు రాదు అని ప్రతి గడప ముందూ చెప్పాను. అందరూ సరేనన్నారు. అత్తమ్మ కూడా విని తల ఊపింది. పైపు సన్నమన్న సంగతి ఆమెకు విడమర్చి చెప్పబోతే చేయి అడ్డం పెట్టింది. "నీళ్ళు పోస్తె నీళ్ళు పోతయా? గదేం మాట" అని లోపలికి పోయింది.

తెల్లారి జీపులో కొత్త సార్లు వచ్చారు. తాళంచెవి తీసుకుని నేనే ముందు నడిచాను. ఊరంతా చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది, ఒక్కరి చేతిలోనూ చెంబు లేదు. గుండె నిబ్బరంగా మూత తీశాను. తీస్తుంటే పసుపు చేతికి అంటింది. తడి పసుపు. పైపు మొదట్లో మట్టి కూడా తడిగా ఉంది.

సారు టేపు దించాడు. దిగీ దిగకముందే కుయ్యిమన్నది. గొట్టంతో తీసిన నీళ్ళలో చుక్కలు వేశారు. గులాబిరంగు నిలిచింది.

"చూశారామ్మా? ఇంత మంచి నీళ్ళు పెట్టుకుని అర్జీలు పెట్టారు" అన్నాడు సారు.

"ఇయ్యి బోరు నీళ్ళు కావు సారూ. పొద్దున ఎవరో పోసిండ్రు."

"తాళం వేసి ఉంది కదమ్మా. తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గర్నే."

ఆయన ట్యాంకరు కోసం ఊళ్ళు ఎన్నెన్ని అబద్ధాలాడతాయో తెలిసినవాడిలా నవ్వి జీపెక్కాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. జనం ముందర మా అత్తమ్మ నిలబడి ఉంది. చేతులు జోడించి బోరుకు దండం పెడుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, సంతోషంతో.

ఇంటికొచ్చి చూస్తే బిడ్డ బిందె బోర్లించి ఉంది.

"మొక్కుకున్న పిల్లా" అన్నది వెనకాలే వచ్చి. "ట్యాంకరు మల్ల రావాలె, నా మనుమరాలికి మంచినీళ్ళు రావాలె అని మొక్కుకోని, తెల్లారకముందే మేకుకున్న తాళంచెవి తీస్కపోయి మొత్తం బిందె పోసిన. సార్ల ముంగట తల్లి ఇజ్జత్ నిలబెట్టింది. చూసినవ గద, ఎట్ల పొంగిందో! ఇంక వాండ్లు కాదనలేరు. ట్యాంకరు వస్తది చూడు."

నా నోటిదాకా వచ్చింది. ఏం చేశావో తెలుసా అని అరవాలనిపించింది. ఆ క్షణం ఆమెను నేను అసహ్యించుకున్నాను, దాచుకోవడం దేనికి. ఇంకా కూర్చోలేదు ఆమె. దర్వాజా పట్టుకుని, చీర కుచ్చిళ్ళకు గుట్ట దారి ముళ్ళు అంటుకుని, ఒక్కో చెంబే చేదుకున్న ఆ బిందెడు నీళ్ళ గురించి చెబుతోంది. మొహం వెలిగిపోతోంది. నేను ఏమీ అనలేదు. ఆ రోజు అనలేదు కాబట్టి తరువాత ఎప్పుడూ అనలేకపోయాను.

ట్యాంకరు రాలేదు. ఆ వేసవికి మోటబావి కూడా ఎండింది. బిడ్డ అంగన్‌వాడీలో చేతిపంపు దగ్గర దోసిలి పట్టింది, మేమూ అవే నీళ్ళు కాచి చల్లార్చి ఇచ్చాం. కాస్తే ఫ్లోరైడ్ పోదని నాకు తెలుసు. తెలిసినా కాచేదాన్ని. ఏమీ చేయకుండా ఇవ్వడానికి చేతులు రాలేదు. ఏటి నీళ్ళ పైపు మా ఊరికి వచ్చేసరికి బిడ్డ పాలపళ్ళు ఊడిపోయి, ముందు పళ్ళు వచ్చేశాయి.

వనపర్తిలో పళ్ళ దవాఖానకు తీసుకుపోయాం. అత్తమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. డాక్టరు బిడ్డను కుర్చీలో పడుకోబెట్టి, దీపం వంచి, చిన్న అద్దంతో చాలాసేపు చూశాడు.

"విచిత్రంగా ఉందమ్మా" అన్నాడు. "పన్ను కొస ముందు తయారవుతుంది, చిగురు దగ్గరి భాగం తరువాత. ఈ పాపకు కొసలు ముత్యాల్లా ఉన్నాయి. అక్కణ్ణుంచి పైకంతా మచ్చే. అంటే పుట్టినప్పటి నుంచి ఒక రెండు మూడేళ్ళు మంచినీళ్ళే తాగించారు. తరువాత ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఎందుకు ఆపారు?"

"మేమెందుకు ఆపుతం సారూ!" అన్నది అత్తమ్మ. కుర్చీలో ఉన్న బిడ్డ పాదం పట్టుకుని నిమురుతోంది. నావైపు తిరిగి, "చెప్పు పిల్లా. నువ్వు చదువుకున్నదానివి గద. మంచిగొస్తున్న నీళ్ళు ఎవరు ఆపిండ్రో సారుకు చెప్పు" అన్నది.

డాక్టరు అద్దం పట్టుకుని నావైపు చూస్తున్నాడు. బిడ్డ కూడా నోరు మూసుకుని నావైపే చూస్తోంది.

"ఎవ్వరూ ఆపలేదు సారూ" అన్నాను. "మా ఊళ్ళ నీళ్ళు పెరిగినయి."